గళ్ళ కాగితంపై ప్రధాన సంఖ్యలు: ఓఇఐఎస్ ఎక్కడిదాకా తోడొస్తుంది?

ముందే ఒక మాట. ఓఇఐఎస్ (ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇంటిజర్ సీక్వెన్సెస్) బొమ్మలు గీసిపెట్టే సేవ కాదు. పూర్ణ సంఖ్యల అనుక్రమాలను పోగుచేసి, ఒక్కోదానికి నంబరిచ్చి, ఉచితంగా అందరికీ తెరిచి ఉంచిన కోశం అది. ఉలాం సర్పిలం, అంటే సంఖ్యలను గళ్ళలో చుట్టుకుంటూ రాసి ప్రధాన సంఖ్యలను గుర్తుపెట్టే బొమ్మ, గీసివ్వమని అక్కడికి వెళ్తే నిరాశే మిగులుతుంది. మీరు గీసిన సర్పిలం సరైనదో కాదో తేల్చుకోవడానికి వెళ్తే మాత్రం దానికి సాటి రాగలది ఇంకొకటి లేదు. ప్రధాన సంఖ్యల బొమ్మల్లో తప్పు కంటికి కనబడదు. ఒక్క గడి జరిగినా బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ అది ప్రధాన సంఖ్యల బొమ్మ కాదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం సరిచూసుకోవడం గురించే.

నీల్ స్లోన్ 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ సేకరణ మొదలుపెట్టారు. 1973లో 2372 అనుక్రమాలతో పుస్తకంగా వచ్చింది. 1995లో సైమన్ ప్లూఫ్‌తో కలిసి వేసిన రెండో పుస్తకంలో 5488 అనుక్రమాలు ఉన్నాయి. మరుసటి ఏడే ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. ఇప్పుడు మూడున్నర లక్షలు దాటింది. చెన్నైలో పిల్లలకు సెలవుల్లో లెక్కలు చెప్పే తెలుగు ఉపాధ్యాయులకూ, ఇంట్లో పిల్లలతో కూర్చునే తల్లిదండ్రులకూ ఇది పైసా ఖర్చు లేని వనరు. వాడే పద్ధతి తెలియాలి, అంతే.

పేజీ తెరిచాక చూడాల్సినవి నాలుగు. మొదటిది నంబరు: ప్రధాన సంఖ్యలది ఎ000040 (ముందున్నది ఆంగ్ల అక్షరం A). రెండోది ఆఫ్‌సెట్, అంటే మొదటి పదాన్ని ఎన్నో పదంగా లెక్కపెడుతున్నారో చెప్పే అంకె. మూడోది బీ-ఫైలు. ఒక్కో వరుసలో క్రమ సంఖ్య, దాని పక్కన విలువ, ఇంతకుమించి ఏమీ లేని సాదా పాఠ్యం. నాలుగోది గ్రాఫ్ అనే లంకె. ఎ000040 బీ-ఫైలులో 10000 ప్రధాన సంఖ్యలు ఉంటాయి, చివరిది 104729. గళ్ళలోకి మార్చుకుంటే 323 గళ్ళ భుజం ఉన్న చదరపు సర్పిలానికి అది చాలు, ఎందుకంటే 323 వర్గం 104329. తర్వాతి బేసి సంఖ్య 325 తీసుకుంటే 105625 దాకా కావాలి, ఫైలు చాలదు. భుజం ఎంత పెట్టాలో ముందు ఇలా లెక్క వేసుకోకపోతే బయటి వలయంలో గళ్ళు ఖాళీగా మిగిలిపోతాయి. అక్కడ ప్రధాన సంఖ్యలు లేవేమో అని చూసేవాళ్ళు అనుకుంటారు.

గ్రాఫ్ లంకె నొక్కితే క్రమ సంఖ్యకు ఎదురుగా విలువ పెట్టిన రేఖాచిత్రం వస్తుంది. ఎ000040కు అది కాస్త వంపు తిరిగిన గీతలా కనబడుతుంది, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎ001223, అంటే వరుస ప్రధాన సంఖ్యల మధ్య అంతరాలు, చాలా మేలు. అందులో అడ్డంగా పరుచుకున్న చుక్కల చారలు కనబడతాయి. మొదటి అంతరం 1 తప్ప మిగతావన్నీ సరి సంఖ్యలు కాబట్టి చారలన్నీ సరి ఎత్తుల్లోనే ఉంటాయి. లిజన్ లంకె విలువలను స్వరాలుగా వినిపిస్తుంది. పిల్లలకు ఒకసారి వినిపించవచ్చు, పనికి అవసరం లేదు. ప్లాట్ 2 అనే పేజీలో రెండు అనుక్రమాల నంబర్లు ఇచ్చి ఒకదానికి ఎదురుగా ఇంకొకటి చుక్కలుగా పెట్టించవచ్చు. గళ్ళపై బొమ్మకు దగ్గరగా వచ్చే సదుపాయం అదొక్కటే.

ఇక సర్పిలం. 1963లో గణిత శాస్త్రవేత్త స్టానిస్లావ్ ఉలాం ఒక విసుగు పుట్టించే ప్రసంగం వింటూ కాగితంపై సంఖ్యలను చదరంగా చుట్టుకుంటూ రాసి ప్రధాన సంఖ్యలను గుర్తుపెట్టారు. అవి కర్ణాల వెంట చేరుతున్నట్టు కనబడింది. తర్వాత మైరన్ స్టైన్, మార్క్ వెల్స్‌లతో కలిసి లాస్ అలమోస్‌లోని మేనియాక్ 2 కంప్యూటర్‌తో 65000 దాకా గీయించారు. 1964 మార్చిలో అది ఒక సైన్స్ పత్రిక ముఖచిత్రమైంది.

చేత్తో గీసేటప్పుడు నడక ఇది: మధ్యలో 1, దాని కుడివైపు 2, పైకి 3, ఎడమకు 4, 5, కిందికి 6, 7, కుడికి 8, 9, 10. అడుగుల సంఖ్య 1, 1, 2, 2, 3, 3, 4, 4 ఇలా పెరుగుతుంది. ప్రతి రెండు మలుపులకు ఒక అడుగు ఎక్కువ. సరిగ్గా వస్తోందా అని చూడటానికి నాలుగు కర్ణాలు కంఠస్థం చేస్తే చాలు. కుడి పై కర్ణంపై 1, 3, 13, 31, 57. ఎడమ పై కర్ణంపై 1, 5, 17, 37, 65. ఎడమ కింది కర్ణంపై 1, 7, 21, 43, 73. కుడి కింద 1, 9, 25, 49, అంటే బేసి సంఖ్యల వర్గాలు. ఇవి వరుసగా ఎ054554, ఎ053755, ఎ054569, ఎ016754. ఇలాంటి గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా నమోదై ఉండటమే ఈ కోశం గొప్పతనం. మీ బొమ్మలో ఏ గీతైనా తీసుకుని దానిపై వచ్చిన అయిదారు సంఖ్యలను కామాలతో వెతుకుడు పెట్టెలో వేయండి. అది సర్పిలంలో ఏ దిక్కు గీతో పేరుతో సహా చాలాసార్లు దొరుకుతుంది.

వెతకడంలో మూడు సంగతులు తెలిసుండాలి. కామాలతో వేస్తే అదే వరుసలో వెతుకుతుంది, ఖాళీలతో వేస్తే ఏ వరుసలో ఉన్నా తెస్తుంది. తెలియని పదం దగ్గర కింది గీత పెట్టవచ్చు. ఋణ గుర్తులను మామూలుగా పట్టించుకోదు, గుర్తులూ కలవాలంటే ముందు సైన్డ్ అని రాసి కోలన్ పెట్టాలి. నిరూపకాల్లో సగం ఋణ సంఖ్యలే కాబట్టి గళ్ళ బొమ్మలు గీసేవాళ్ళకు ఈ మూడోది తప్పనిసరి. మొదటి ఒకటి రెండు పదాలు వదిలేసి వెతకడం ఇంకా మంచిది, ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే మనుషులకు అభిప్రాయ భేదాలు ఎక్కువ.

సర్పిలపు నిరూపకాలు కూడా కోశంలో ఉన్నాయి: ఎక్స్‌కు ఎ174344, వైకి ఎ274923. ఇక్కడ ఒక చిక్కుంది. ఎ268038 కూడా వై నిరూపకాలే, కాకపోతే గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టిన సర్పిలానివి. రెండు సర్పిలాలకూ ఎక్స్ ఒకటే. పొరపాటున ఎ268038 తీసుకుంటే బొమ్మ తలకిందులై, 3, 13, 31 కర్ణం కుడి పైన కాక కుడి కింద పడుతుంది. బొమ్మగా చూస్తే తేడా తెలియదు, కర్ణాల పట్టికతో పోల్చినప్పుడే బయటపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఆఫ్‌సెట్ తప్పు. ఎ010051 అనే అనుక్రమం ప్రతి సంఖ్యకూ అది ప్రధానమైతే 1, కాకపోతే 0 ఇస్తుంది, 1 నుంచి మొదలవుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జాబితా సున్నా నుంచి లెక్కపెడుతుంది. రెంటినీ అలాగే అతికిస్తే ప్రతి ప్రధాన సంఖ్యా ఒక గడి వెనక్కి జరుగుతుంది. దీన్ని పట్టుకునే ఉపాయం సులువే. సరైన బొమ్మలో బేసి సంఖ్యలన్నీ చదరంగం పలకపై ఒకే రంగు గళ్ళలో పడతాయి, అంటే ఎక్స్, వైల మొత్తం సరి సంఖ్య అయ్యే గళ్ళు. 2 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ అక్కడే ఉండాలి. జరిగిన బొమ్మలో అవన్నీ రెండో రంగుకు మారిపోతాయి. సరిచూసే గీత ఇంకొకటి ఉంది. 4, 16, 36, 64, 100 ఒకే కర్ణంపై ఉంటాయి, అది పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఒక గడి జారితే 5, 17, 37, 101 వచ్చి దానిపై కూర్చుంటాయి. కుడి కింది కర్ణం ఖాళీగా ఉంది కదా అని ధీమా పడకూడదు, ఈ తప్పులో మధ్య గడి తప్ప అది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

ఈ చదరంగం సంగతి ఇంకో కారణానికీ గట్టిగా చెప్పాలి. కర్ణాలు కనబడటంలో కొంత భాగం కేవలం బేసి సంఖ్యలు ఒకే రంగు గళ్ళలో ఉండటం వల్లే. ఆ గళ్ళు కర్ణాల వెంటే ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి బేసి సంఖ్యల్లోంచి చీట్లు తీసినట్టు కొన్ని ఎంచుకుని పెట్టినా కంటికి చిన్న చిన్న వాలుగీతలు కనిపిస్తాయి. ప్రధాన సంఖ్యల బొమ్మ గీసిన ప్రతిసారీ పక్కన అలాంటి యాదృచ్ఛిక బొమ్మ ఒకటి, అదే సంఖ్యలో చుక్కలతో గీయాలి. అప్పుడు రెండో బొమ్మలో లేని పొడవాటి గీతలేవో మొదటి దానిలో తెలుస్తాయి. ప్రతి కర్ణమూ ఒక వర్గ బహుపది. కొన్ని బహుపదులకు చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించబడే అవకాశం తక్కువ, అందుకే వాటిపై ప్రధాన సంఖ్యలు చిక్కగా ఉంటాయి. ఎంత చిక్కగా ఉండాలో హార్డీ, లిటిల్‌వుడ్ 1923లోనే ఒక ఊహాప్రతిపాదనగా చెప్పారు, అది ఇంకా నిరూపణ కాలేదు. ఈ పోలిక బొమ్మ లేకుండా ఉలాం సర్పిలాన్ని గోడకు తగిలించి అద్భుతమనడం చూసేవాళ్ళకు అన్యాయం.

పిల్లలతో చేయించడానికి ఈ కోవలో అన్నిటికంటే మంచి బొమ్మ 41తో మొదలయ్యేది. మధ్య గడిలో 1 బదులు 41 పెట్టి అదే నడక నడవండి. కుడి పై మూల నుంచి ఎడమ కింది మూల దాకా ఉన్న కర్ణంపై 43, 47, 53, 61, 71, 83 ఇలా ఆయిలర్ సూత్రపు విలువలు పడతాయి. ఎన్ వర్గం, ఎన్, 41ల మొత్తం అది. ఎన్ 0 నుంచి 39 దాకా 40 విలువలూ ప్రధానాలే, చివరిది 1601. 41 గళ్ళ భుజంతో గీస్తే కర్ణంలో సరిగ్గా 41 గళ్ళు ఉంటాయి. కుడి పై మూలలో 1601 కూర్చుంటుంది. నలభై గళ్ళు నిండి, ఎడమ కింది మూల ఒక్కటే ఖాళీగా మిగులుతుంది. అక్కడున్నది 1681, అంటే 41 వర్గం. బడి గ్రాఫ్ కాగితంపై అచ్చు భాగం వెడల్పు సాధారణంగా 18 సెంటీమీటర్లు. గడికి 4 మిల్లీమీటర్లు పెడితే 41 గళ్ళు 16.4 సెంటీమీటర్లలో ఇమిడిపోతాయి. ఒక్క జాగ్రత్త. కోశంలో ఎ005846 ఆ సూత్రం ఇచ్చే ప్రధాన సంఖ్యలను మాత్రమే పెట్టుకుంది, సంయుక్త సంఖ్యలను వదిలేసింది. దాన్నే మూలంగా తీసుకుని వరుసగా గళ్ళలో నింపితే 1681 దగ్గర ఆగాల్సిన గీత ఆగకుండా సాగిపోతుంది. సూత్రం నుంచి విలువలు కట్టి, ప్రధానమా కాదా అన్నది వేరుగా చూడాలి.

ఇక దారులు, అంటే ప్రధాన సంఖ్యలు చెప్పినట్టు అడుగులు వేస్తూ గళ్ళపై గీసే గీతలు. ఇక్కడ ఓఇఐఎస్ ముడి సరుకు మాత్రమే ఇస్తుంది, కుట్టుపని మనదే. ఎ001223లోని అంతరాలను పొడవులుగా తీసుకుని, ప్రతి ప్రధాన సంఖ్య దగ్గరా ఎడమకు తిరిగే నడక అన్నిటికంటే సులువు. 2ను (0, 0) దగ్గర పెట్టి తూర్పు ముఖంగా బయలుదేరండి. ఒక అడుగు వేస్తే 3 దగ్గర (1, 0). ఎడమకు తిరిగి ఉత్తరంగా రెండు, 5 దగ్గర (1, 2). పడమరగా రెండు, 7 దగ్గర (−1, 2). దక్షిణంగా నాలుగు, 11 దగ్గర (−1, −2). తూర్పుగా రెండు, 13 దగ్గర (1, −2). ఉత్తరంగా నాలుగు వేస్తే 17 దగ్గర మళ్ళీ (1, 2), ఇంతకుముందు 5 ఉన్న చోటే. 19 వచ్చి 7 మీద, 23 వచ్చి 11 మీద పడతాయి. చుక్కల ముగ్గులో గీత తిరిగి తన మీదికే వచ్చినట్టు మొదటి దీర్ఘ చతురస్రం మీదే దారి ఇంకో విడత నడుస్తుంది. 97 దగ్గరికి చేరేసరికి (−7, −6)లో ఉండాలి. వేరే చోట ఉంటే మధ్యలో ఎక్కడో మలుపు తప్పింది.

మలుపు తప్పిన చోటు పట్టుకోవడానికి జత తనిఖీ ఉంది. మొదటి అడుగు తర్వాత అంతరాలన్నీ సరి సంఖ్యలు. కాబట్టి 3 నుంచి ప్రతి మూలకూ ఎక్స్ బేసి, వై సరి. ఎక్కడైనా ఎక్స్ సరి సంఖ్య అయిందంటే అంతకుముందు అంతరం తప్పుగా తీశారు. దిక్కు తప్పితే మాత్రం ఈ తనిఖీ పట్టుకోలేదు. దానికి ప్రధాన సంఖ్య క్రమ సంఖ్యను 4తో భాగించి శేషం చూడాలి: శేషం 1 అయితే అక్కడినుంచి తూర్పు, 2 అయితే ఉత్తరం, 3 అయితే పడమర, 0 అయితే దక్షిణం.

స్ప్రెడ్‌షీట్‌లో అయితే బీ-ఫైలు మొత్తం అతికించి, మూడో నిలువు వరుసలో అంతరం, నాలుగో దానిలో శేషం, తర్వాత రెండు వరుసల్లో పేరుకుంటూ పోయే ఎక్స్, వై. చార్టు రకం గీతతో కలిపిన స్కాటర్ అయి ఉండాలి. మామూలు లైన్ చార్టు పెడితే ఎక్స్ విలువలను పట్టించుకోకుండా సమాన దూరంలో పరిచేస్తుంది, దారి కాస్తా గుండె పరీక్ష కాగితంలా తయారవుతుంది. రెండు అక్షాల హద్దులు మీరే చేత్తో ఇచ్చి, చార్టు వెడల్పు ఎత్తులు అదే నిష్పత్తిలో పెట్టండి. చార్టు తనంతట తాను సాగదీస్తే చదరం దీర్ఘ చతురస్రమై బొమ్మ అబద్ధం చెబుతుంది. గీత మీద గీత పడే చోట్లు తెలియాలంటే రంగుకు పారదర్శకత పెట్టాలి. లేకపోతే పదిసార్లు నడిచిన దారీ ఒక్కసారి నడిచిన దారీ ఒకేలా ఉంటాయి.

రెండో రకం దారిలో పొడవు ఎప్పుడూ ఒకటే అడుగు, మలుపు మాత్రమే మారుతుంది. బేసి ప్రధాన సంఖ్యను 4తో భాగిస్తే శేషం 1 వస్తే ఎడమకు, 3 వస్తే కుడికి తిరిగి ఒక అడుగు. తూర్పు ముఖంగా (0, 0) నుంచి 3తో మొదలుపెడితే 97 దాటేసరికి (−4, −6)లో, పడమర ముఖంగా ఉంటారు. 100 లోపు శేషం 3 వచ్చేవి 13, శేషం 1 వచ్చేవి 11. తేడా రెండు కుడి మలుపులు, అందుకే పడమర. అంటే ఈ దారిలో మన ముఖం ఏ దిక్కుకు ఉందన్నదే ఆ రెండు జట్ల పరుగుపందెంలో ప్రస్తుత తేడాను 4తో భాగిస్తే మిగిలే శేషం. చెబిషేవ్ 1853లో గమనించిన సంగతిది, శేషం 3 జట్టు దాదాపు ఎప్పుడూ ముందుంటుంది. తేడా వరుస ఎ038698లో ఉంది. 5, 17, 41, 461 దగ్గర సమానమవుతుంది కానీ శేషం 1 జట్టు మొదటిసారి ముందుకు వెళ్ళేది 26861 దగ్గర. అది 2946వ ప్రధాన సంఖ్య. 1957లో లీచ్ దీన్ని కనుక్కున్నారు. మరుసటి ప్రధానం 26863 దగ్గరే మళ్ళీ సమానం. 26879 దగ్గర శేషం 3 జట్టు తిరిగి ముందుకెళ్తుంది, ఆ తర్వాత శేషం 1 జట్టుకు మళ్ళీ ఆ అవకాశం 616841 దాకా రాదు. ముందున్న జట్టు మారిన ఈ చోట్ల పట్టిక ఎ007350. మీ ప్రోగ్రాము 26861 దగ్గర తేడా గుర్తు మార్చిందో లేదో చూడటం కంటే నమ్మదగిన పరీక్ష ఇంకొకటి లేదు. వందలోపు సంఖ్యలతో దొరకని తప్పు అక్కడ దొరుకుతుంది.

మూడోది చివరి అంకె దారి. 2, 5 తీసేస్తే ప్రధాన సంఖ్యల చివర 1, 3, 7, 9 మాత్రమే ఉంటాయి, నాలుగు దిక్కులకు నాలుగు. 1 తూర్పు, 3 ఉత్తరం, 7 దక్షిణం, 9 పడమర అనుకుంటే 100 లోపు 5, 7, 6, 5 అడుగులు పడతాయి, చివరికి (0, 1) దగ్గర ఆగుతారు. చూడటానికి తాగినవాడి నడకలా ఉన్నా ఇది యాదృచ్ఛిక నడక కాదు. మద్రాసులో పెరిగిన కన్నన్ సౌందరరాజన్, రాబర్ట్ లెమ్కే ఆలివర్‌తో కలిసి 2016లో బయటపెట్టిన ఫలితం ప్రకారం వరుస ప్రధాన సంఖ్యలు ఒకే చివరి అంకెను ఇష్టపడవు. మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యల్లో 1తో ముగిసేదాని వెంట మళ్ళీ 1తో ముగిసేది వచ్చేది సుమారు 18.5 శాతం సార్లే. దిక్కులు పూర్తిగా యాదృచ్ఛికమైతే 25 శాతం రావాలి. గళ్ళ మీద దీని అర్థం: తిన్నగా సాగే ముక్కలు తక్కువ, మలుపులు ఎక్కువ. ఇక్కడా పక్కన పాచికల దారి ఒకటి గీసి పెట్టుకుంటే తేడా కంటితోనే పట్టవచ్చు. ఈ మూడు దారుల్లో మా ఓటు దీనికే. లెక్క అతి తక్కువ, తెలిసే విషయం అతి లోతు.

గాసియన్ ప్రధాన సంఖ్యల (రెండు నిరూపకాలూ పూర్ణ సంఖ్యలైన సంకీర్ణ సంఖ్యల్లో ప్రధానమైనవి) బొమ్మకు మాత్రం ఓఇఐఎస్ అంతగా ఉపయోగపడదు. ఎ055025లో వాటి ప్రమాణాలు, అంటే నిరూపకాల వర్గాల మొత్తాలు, 2, 5, 9, 13, 17 అని ఉంటాయి, నిరూపకాలు కాదు. నియమం నేరుగా వాడటమే సులువు. రెండు నిరూపకాలూ సున్నా కాకపోతే వర్గాల మొత్తం ప్రధానం కావాలి. ఒకటి సున్నా అయితే రెండోది, గుర్తు వదిలేసి, 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానం కావాలి. (3, 0), (7, 0) దగ్గర చుక్క ఉండి (5, 0) దగ్గర లేకపోతే నియమం సరిగ్గా పెట్టినట్టు. బొమ్మకు ఎనిమిది వైపులా సమరూపత ఉంది కాబట్టి ఎనిమిదో వంతు కట్టి తిప్పి అతికించవచ్చు. ఈ చుక్కల మీద పరిమితమైన అంగలతో అనంతం దాకా నడిచిపోవచ్చా అన్న ప్రశ్న 1962లో బేసిల్ గోర్డన్ అడిగినప్పటి నుంచీ తెరిచే ఉంది.

చెన్నై పాఠకులకు ఇంకొక చిన్న సంతోషం. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన రామానుజన్ 1919లో ప్రచురించిన చిన్న వ్యాసం నుంచి పుట్టిన రామానుజన్ ప్రధాన సంఖ్యలకు ఎ104272 కేటాయించారు: 2, 11, 17, 29, 41. ఉదాహరణకు 11 నుంచి ఏ సంఖ్య తీసుకున్నా దానికీ దాని సగానికీ మధ్య, ఆ సంఖ్యనూ కలుపుకుని, కనీసం రెండు ప్రధాన సంఖ్యలు ఉంటాయి. సర్పిలంలో వీటికి వేరే రంగు వేయిస్తే పిల్లలకు ఊరితో చుట్టరికం కలుస్తుంది.

సేవలో లోపాలూ చెప్పాలి. అంతా ఆంగ్లంలోనే. పేర్లు గణిత సంక్షిప్తాల్లో ఉంటాయి, ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒంటరిగా చదవలేడు. పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాలి. ఫోన్ తెరపై పొడవాటి పేజీలు చదవడం కష్టం, కంప్యూటరే మంచిది. ప్రోగ్రాముల ముక్కలు పలు భాషల్లో ఉంటాయి కానీ అవి పదాలు పుట్టించేవే, బొమ్మ గీసేవి అరుదు. ఇరవై అనుక్రమాలు ఒకేసారి కావాలంటే పేజీ పేజీకి తిరగకుండా మొత్తం కోశపు మొదటి పదాలన్నీ ఉన్న స్ట్రిప్డ్ అనే కుదించిన ఫైలు దించుకోవచ్చు. అందులో ఒక్కో అనుక్రమానికి కొన్ని పదాలే ఉంటాయి, పెద్ద బొమ్మకు బీ-ఫైలు తప్పదు. గీయడానికి జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ 41 గళ్ళ బొమ్మకు హాయిగా సరిపోతుంది, ప్రధానమా అని అడిగే ఆదేశం అందులోనే ఉంది. గళ్ళు పదివేలు దాటితే నత్తనడక నడుస్తుంది. అక్కడి నుంచి పైథానే దిక్కు.

బొమ్మను కాగితం మీదికి తేవడంలో సగం శ్రమ వృథా అయ్యేది ఫైలు రూపం దగ్గర. జేపెగ్‌గా దాచితే చిన్న గళ్ళ అంచులు అలుక్కుపోతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇంకా కుదిస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. పిక్సెళ్ళ బొమ్మైతే గడికి పూర్ణ సంఖ్య పిక్సెళ్ళే ఇవ్వండి. 201 గళ్ళకు గడికి 12 చొప్పున 2412. గడికి 11.7 పిక్సెళ్ళు పడితే కొన్ని వరుసలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి లేని చారలు పుడతాయి, వాటిని కూడా జనం ప్రధాన సంఖ్యల నమూనా అనుకుంటారు. అన్నిటికంటే, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరని వెక్టర్ పీడీఎఫ్ మంచిది.

పెన్ను ప్లాటరుతో, అంటే పెన్ను పట్టుకుని గీసే యంత్రంతో, దారి గీయించేవాళ్ళు గీత పొడవు ముందే లెక్క వేయాలి. ఎడమ మలుపుల దారి 10000 ప్రధాన సంఖ్యలకు 104727 అడుగులు. అడుగుకు ఒక మిల్లీమీటరంటే దాదాపు 105 మీటర్ల గీత. సెకనుకు 40 మిల్లీమీటర్ల వేగంతో 44 నిమిషాలు, మూలల దగ్గర తగ్గే వేగం అదనం. గీత మీద గీత పడే చోట జెల్ పెన్నుతో 80 జీఎస్ఎం కాగితం నాని చిరుగుతుంది, చెన్నై ఉక్కలో మరీ త్వరగా. సన్నని ఫైబర్ మొన పెన్ను, 160 జీఎస్ఎం పైన ఉన్న కాగితం తీసుకోండి. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధి కాగితం దుకాణాల్లో విడి షీట్లు అడిగి చేత్తో పట్టుకుని చూసి కొనవచ్చు. ప్లాటరు సొంతంగా కట్టేవాళ్ళకు స్టెప్పర్ మోటార్లు, డ్రైవర్ బోర్డులు రిచీ వీధిలో దొరుకుతాయి.

పెద్ద సర్పిలానికి ఎ1 ముద్రణ చాలు. కాగితం వెడల్పు 594 మిల్లీమీటర్లు. 323 గళ్ళకు గడికి 1.8 పెడితే 581 మిల్లీమీటర్లు వస్తుంది. అంచున మిగిలేది రెండు వైపులా సుమారు ఆరు చొప్పునే, యంత్రం వదిలే అంచుకే అది చాలకపోవచ్చు. గడికి 1.7 పెట్టండి, 549 మిల్లీమీటర్లు, అంచులు సుఖంగా మిగులుతాయి. దుకాణంలో యాక్చువల్ సైజ్ అని గట్టిగా చెప్పండి, వాళ్ళు అలవాటుగా ఫిట్ టు పేజ్ నొక్కేస్తారు. ముద్రణ చేతికొచ్చాక డబ్బులిచ్చే ముందు స్కేలు పెట్టి వంద గళ్ళు కొలవండి. 170 మిల్లీమీటర్లు రావాలి. అటూ ఇటూ వస్తే బొమ్మను సాగదీశారు లేదా కుదించారు, మళ్ళీ తీయమనండి.